బాకీ వేరు, పుండు వేరు

ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ హత్య కేసులో జీవిత ఖైదు అనుభవిస్తున్న ఒకతన్ని 2025 ఏప్రిల్‌లో ఒడిశా ప్రభుత్వం సత్ప్రవర్తన కింద విడుదల చేసింది. ఆ రోజుల్లోనే బీపీ చూపించుకోవడానికి వచ్చిన ఒక పాస్టరు గారు, చేతికి పట్టీ చుట్టుతుండగానే అడిగారు: "ఆ పసివాళ్ళ ఉసురు ఊరికే పోయినట్టేనా డాక్టరు గారూ?"

ఆయన బాధ నాకు తెలుసు. 1999 జనవరి 22 రాత్రి మనోహర్‌పూర్ గ్రామంలో బండిలో నిద్రపోతున్న స్టెయిన్స్‌నీ, ఆయన కొడుకులు పదేళ్ళ ఫిలిప్‌నీ, ఆరేళ్ళ తిమోతినీ సజీవంగా తగలబెట్టారు. భార్య గ్లాడిస్ క్షమించానని చెప్పారు. కోర్టులు తమ పని తాము చేశాయి. ఆమె మాత్రం కూతురితో ఒడిశాలోని బారిపదాలోనే ఉండిపోయి, భర్త చూసుకున్న కుష్ఠు ఆశ్రమాన్ని నడిపించారు. 2004లోగానీ ఆస్ట్రేలియా వెళ్ళలేదు. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది. క్షమించానన్న మాట కంటే, ఆ తర్వాత ఆ పుళ్ళ మధ్యే ఆమె గడిపిన ఏళ్ళు నన్ను ఎక్కువ కదిలిస్తాయి. అదెంత పనో చోడవరంలో నా గదికి వచ్చిన ఒక ముసలాయన పాదాన్ని చూశాక తెలిసింది.

వడ్డాది వైపు నుంచి ఆటోలో తీసుకొచ్చారాయన్ని. చెరకు కొట్టే కూలి. కుష్ఠుకు మందులు ఎప్పుడో పూర్తిగా వాడాడు, రోగం నయమైంది. కానీ చచ్చిపోయిన నరాలు తిరిగి రావు. పాదాలకు స్పర్శ లేదు. కుడికాలి బొటనవేలు చివర మాంసం లేచిపోయి ఉంది, అంచులు రంపంతో కోసినట్టున్నాయి. "ఎలక కొరికేసింది బావూ. తెల్లారేదాకా నాకు తెలీనేదు" అన్నాడు, ఇంకెవరి కాలి గురించో చెబుతున్నట్టు. కుష్ఠులో వేళ్ళు పోయేది సూక్ష్మజీవి తినేసి కాదు. నొప్పి తెలియక పదేపదే తగిలే దెబ్బల వల్ల. వేలూరులో పాల్ బ్రాండ్ అనే క్రైస్తవ శస్త్రవైద్యుడు రోగులతో ఏళ్ళ తరబడి మసలి ఈ సంగతి నిరూపించేదాకా లోకం మరోలా అనుకునేది.

ముసలాయన వెంట వచ్చినామె సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. బంధువు కాదు. పిల్లలు ఆయన్ని పట్టించుకోవడం మానేశారు, దానికి కారణాలూ ఉన్నాయి. తాగి ఉమ్మడి పొలం అమ్ముకున్నవాడు. కట్టు కడుతుంటే ఆమే చెప్పింది, తన దగ్గర తీసుకున్న అప్పు కూడా ఎగ్గొట్టాడని. మరెందుకమ్మా ఈ చాకిరీ అన్నాను. "బాకీ బాకీయే బావూ, పుండు పుండే" అంది.

చెయ్యాల్సింది నేర్పాను. రోజూ ఇరవై నిమిషాలు పాదాలను మామూలు నీళ్ళలో నానబెట్టాలి, గట్టిపడిన చర్మాన్ని గరుకు రాయితో మెల్లగా అరగదీయాలి, తడి ఆరకముందే కొబ్బరినూనె రాయాలి. మేకులు లేని మెత్తటి రబ్బరు (ఎం.సి.ఆర్.) చెప్పులు వెయ్యాలి. రాత్రి దోమతెర అంచులు చాప కింద దోపాలి, ఎలకల కోసం. మళ్ళీ వచ్చినప్పుడు చూస్తే పగుళ్ళు పూడాయి, మడమ మెత్తబడింది. అంటే ఆమె ఒక్కరోజూ మానలేదు. యేసు శిష్యుల కాళ్ళు కడిగిన ఘట్టం మీద చిన్నప్పటి నుంచి ఎన్నో ప్రసంగాలు విన్నాను. ఆ రాత్రే తనను పట్టివ్వబోయే యూదా కాళ్ళు కూడా ఆ పళ్ళెంలోనే కడిగాడన్నది ఆ మడమ పట్టుకున్నప్పుడే మనసుకెక్కింది. కృప అర్హత చూసి రాదు. వచ్చినంత మాత్రాన బాకీ చెల్లిపోయిందనీ అనదు. పాస్టరు గారికి నేను చెప్పగలిగిందీ ఇదే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కృప పేరు చెప్పి దెబ్బలు తిన్నవాళ్ళ మీదే బరువు మోపడం నేను చూశాను. భర్త కొట్టగా మణికట్టు విరిగి వచ్చిన ఒకమ్మాయికి అప్పటికే పెద్దలు క్షమించి కాపురానికి వెళ్ళమని చెప్పి ఉన్నారు. నేను ఆ మాట అనలేదు. గాయాలు ఉన్నవి ఉన్నట్టు రాసి పోలీసులకు తెలియజేశాను, మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఇచ్చాను. పుట్టింటికి వెళ్ళి కుట్టుమిషన్ పెట్టుకుంది. తర్వాత అతను కామెర్లతో ఆస్పత్రిలో పడితే, కొడుకు చేత పూటపూటా అన్నం పంపింది. తను మాత్రం తిరిగి వెళ్ళలేదు. ఆ క్యారేజీలోనూ కృప ఉంది, ఆ వెళ్ళకపోవడంలోనూ తప్పు లేదు.

ఇలాంటి కృప క్రైస్తవులకే పరిమితమనీ నేననుకోను. బెల్లం వండే పెనంలో చెయ్యి పడి కాలిన కూలివాడితో విశాఖ కేజీహెచ్ ఆస్పత్రిలో రాత్రంతా కూర్చున్న యజమాని మా స్వయంభూ వినాయకుడి భక్తుడు. వాన అందరి పొలాల మీదా కురిపించే దేవుణ్ణి నమ్మేవాడిగా నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు.

ఇక కుష్ఠు సంగతి. ప్రజారోగ్య సమస్యగా దాన్ని 2005 నాటికి నిర్మూలించామని దేశం ప్రకటించింది. అయినా కొత్త రోగులు ఏటా బయటపడుతూనే ఉన్నారు. విడాకులకు కుష్ఠు ఒక కారణమన్న నిబంధనను చట్టాల నుంచి తీసేయడానికి 2019 దాకా పట్టింది. మనసుల్లోంచి తీసేసే పని మిగిలే ఉంది. స్పర్శ లేని మచ్చ ఒంటి మీద కనిపిస్తే దాచుకోకండి. ఆశా కార్యకర్తకు చెప్పండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మాత్రలు ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమవుతుంది. నయమైనవాళ్ళ కాళ్ళు కడిగితే మీకేమీ అంటదు. చోడవరం చుట్టుపక్కల సంఘాల పాస్టర్లకు నా విన్నపం: ఆదివారం ప్రకటనల్లో ఈ నాలుగు మాటలు కూడా చదవండి.