చిట్టెలుకల ఋణం

పిల్లలు లేని ఇంట మొదటి నింద ఆడదాని మీదనే పడుతుంది. మేము ఇంట తెలుగు, ఆఫీసులో తమిళం మాట్లాడే గుమాస్తాలం. ఆమెను అనడానికి రెండు భాషలలోను మాటలు సిద్ధంగా ఉన్నవి: ఇక్కడ గొడ్రాలు, అక్కడ మలడి. మగవానిని అనే మాట అంత త్వరగా నాలుకకు రాదు. మా అక్కయ్య తొమ్మిదేళ్లు ఆ మాట పడ్డది. తీరా పరీక్ష చేయిస్తే లోపం మా బావగారి వీర్యకణాలలో ఉన్నదని తేలింది. తర్వాత పరీక్షనాళిక పద్ధతిలో ఆడపిల్ల పుట్టింది. ఆ మాట అన్న పెద్దలే బారసాలకు ముందు వరుసలో కూర్చున్నారు.

ఈ విద్య ఎట్లా వచ్చిందో తెలుసుకోవాలని మా మెట్రిక్యులేషను చదువుకు అందినంత వరకు చదివాము. 1959లో అమెరికాలో ఎం.సి. చాంగ్ అనే శాస్త్రజ్ఞుడు శరీరం వెలుపల ఫలదీకరణం చేసిన అండాలతో కుందేలు పిల్లలను పుట్టించాడు. 1978 జులై 25న ఇంగ్లండులో లూయీస్ బ్రౌన్, అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషివల్ల మరొక ఆడశిశువు పుట్టారు. మనుషుల కంటే ముందు దారి తొక్కినవి మూగజీవాలే.

ఆ పరిశోధన నేటికీ సాగుతున్నది. ప్రయోగశాలలలో సి57బిఎల్/6 అనే నల్ల ఎలుకల జాతి ప్రసిద్ధం. దీని వీర్యాన్ని ద్రవ నైట్రోజనులో భద్రపరచి, తిరిగి కరిగిస్తే, కణాలు నీరసించి అండంలోనికి చొరలేకపోయేవి. 2011లో జపానులోని కుమామొతో విశ్వవిద్యాలయానికి చెందిన టాకెయో, నకగటా అనే ఇద్దరు దీనికి ఒక ఉపాయం ప్రకటించారు. మొదట మిథైల్ బీటా సైక్లోడెక్స్‌ట్రిన్ అనే పదార్థంతో వీర్యకణాలను సిద్ధపరచి, ఆపైన ఫలదీకరణ ద్రవంలో గ్లూటాథయోన్ కలిపారు. ప్రోటీనులు అమినో ఆమ్లాల పొడుగాటి దండలైతే, పెప్టైడులు పొట్టి దండలు. గ్లూటాథయోన్‌లో మూడే పూసలు. అండం చుట్టూ ఉన్న పొరలోని గంధకపు ముడులను అది సడలిస్తుంది. అప్పుడు నీరసించిన కణానికి కూడా దారి దొరుకుతుంది.

అండాల కోసం ఆడ ఎలుకలకు హార్మోను సూదులు వేసి, సాధారణంగా వాటిని చంపుతారు. ఇది చదివి మాకు మనసు చివుక్కుమన్నది. అయితే గడ్డకట్టిన వీర్యం చక్కగా పనిచేస్తే, జాతి నిలుపుకొనడం కోసం ఎలుకలను తరతరాలుగా బోనులలో పెంచనక్కరలేదు. ఆ మేరకు హింస తగ్గుతుందని కొంత ఊరట కలిగింది.

చదువరులకు ఒక హెచ్చరిక. ఇదే గ్లూటాథయోన్‌ను ఒంటిరంగు తెలుపు చేస్తుందని చెప్పి అమ్ముతున్నారు. ఎలుకల అండాల పళ్లెంలో పనిచేసింది గనుక సంతానం కోసం మింగుదామని ఎవరూ అనుకొనరాదు. రెండింటికీ పొంతన లేదు. బిడ్డల కోసం ఎదురుచూసే దంపతులు మందుల దుకాణానికి కాక వైద్యుని వద్దకు, అదీ ఇద్దరూ కలిసి, మొదటి ఏడాదిలోనే వెళ్లవలెనని మా మనవి. మా ఇంట తొమ్మిదేళ్లు పట్టింది.