ముత్తాత ఏ ఊరివాడు?

లండన్‌కు నైరుతిన, థేమ్స్ నది చేరువలో ఉంది క్యూ. అక్కడి నేషనల్ ఆర్కైవ్స్ భవనంలో 1086 నాటి డూమ్స్‌డే పుస్తకం భద్రంగా ఉంది. అయినా చాలామంది వచ్చేది రాజుల కోసం కాదు... సొంత తాతముత్తాతల కోసం! పాత కాగితాలు చూసే గదిలోకి పెన్ను తీసుకెళ్లనివ్వరు. పెన్సిలే వాడాలి.

వెతుకులాట వెనక్కి నడుస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాలను 1837 జులై నుంచి ప్రభుత్వం నమోదు చేస్తోంది. పెళ్లి పత్రంలో వధూవరుల తండ్రుల పేర్లు, వృత్తులు ఉంటాయి. ఆ తర్వాత జనాభా లెక్కలు. 1841 లెక్కల్లో పెద్దల వయసును సాధారణంగా తగ్గించి రాశారు. 34 ఏళ్లవాడు 30గా కనిపిస్తాడు! పుట్టిన ఊరి పేరూ ఉండదు. అది 1851 లెక్కల్లో దొరుకుతుంది. ఊరు తెలిస్తే చాలు, 1538లో మొదలైన చర్చి రిజిస్టర్ల కోసం ఆ జిల్లా రికార్డు కార్యాలయానికి వెళ్లొచ్చు.

దారి తెగే చోటూ ఉంది. లెక్కల్లోని వివరాలను నూరేళ్లదాకా బయటపెట్టరు. 1921వి 2022లో వచ్చాయి. ఇంగ్లండ్, వేల్స్‌ల 1931 లెక్కలు మాత్రం ఎప్పటికీ రావు. 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కలే తీయలేదు. గుర్తింపు కార్డుల కోసం 1939 సెప్టెంబరులో రాసిన రిజిస్టరే దిక్కు.

ఈ వెతుకులాటలో తోడు దొరకడమే అదృష్టం. 1998లో మొదలైన 'ఫ్రీబీఎండీ'లో స్వచ్ఛంద కార్యకర్తలు జనన, వివాహ, మరణ సూచికలను టైపు చేసి అందరికీ ఉచితంగా అందిస్తున్నారు. ముక్కూమొహం తెలియని ఒకరు ఓపిగ్గా కొట్టిన ఒక్క వరుసలో... ఇంకొకరి ముత్తాత దొరుకుతాడు.