అరసున్న

ఉద్యోగవిరమణ తరువాత నాకు పట్టుకున్న దురలవాట్లలో సినిమా ఒకటి. పిల్లలకు సంధులు, సమాసాలు, ఛందస్సు నూరిపోసినన్నాళ్ళూ ఏడాదికి ఒకటి రెండు చూస్తే ఎక్కువ. ఇప్పుడు చాట్రాయిలో మా ఇంటి వసారాలో కూర్చుంటే ఎదుట మామిడితోట, లోపల అల్లుడు కొనిపెట్టిన పెద్ద టీవీ. పూత ఉన్నప్పుడు తోటనూ, లేనప్పుడు టీవీనీ చూస్తూ ప్రొద్దు పుచ్చుతున్నాను.

ఈ సినిమాలలో రసం ఉన్నదా లేదా అన్నది నా బోటి పాతకాలపు పండితునికి సహజంగా పుట్టే ప్రశ్న. మాకు అలంకారశాస్త్రం చెప్పిన గురువుగారు మమ్మటుని రసదోషాల దగ్గర చాలా రోజులు ఆగేవారు. వాటిలో మొట్టమొదటిది స్వశబ్దవాచ్యత. అనగా శోకాన్ని శోకమని పేరు పెట్టి చెప్పటం. పాత్ర వచ్చి "నాకు దుఃఖంగా ఉన్నది" అంటే మనకు సమాచారం అందుతుందే గాని దుఃఖం కలగదు. ఈనాటి తెరమీద ఈ దోషం నోటితోనే కాదు, వాద్యాలతో కూడా జరుగుతున్నది. నాయకుని తల్లి ఇంకా కన్ను మూయనే లేదు, వయొలిన్లు బావురుమంటాయి. ఆమె పోయేది మనకు ముందే తెలిసిపోతుంది. ఇక ఏడవటానికి మన వంతు ఏం మిగిలింది?

పాతవన్నీ బంగారమని నేననటం లేదు. ఆసుపత్రి మంచం ప్రక్కన పుటలకొద్దీ సంభాషణలు విని రుమాళ్ళు తడుపుకున్న తరం మాది. ఆడంబరం మీద కూడా నాకు కోపం లేదు. 'మాయాబజార్' (1957) లో లేని ఆడంబరమా! 2015లో వచ్చిన 'బాహుబలి' మొదట్లో, మునిగిపోతున్న శివగామి చేయి ఒక్కటే నీటిపైన నిలిచి శిశువును మోస్తుంది. అంత పెద్ద చిత్రంలో నాకు నిలిచిపోయినది ఆ చేయి. యుద్ధాలు మరచిపోయాను.

2023 మార్చిలో వచ్చిన 'బలగం' సంగతి వేరు. వేణు యెల్దండి తీసినది. కొమురయ్య అనే ముసలాయన పోతాడు. కాకి పిండం ముట్టదు. అంతే కథ. ఎప్పుడో భోజనాల దగ్గర నల్లిబొక్క కోసం వచ్చిన మాటపట్టింపుతో బావాబామ్మర్దులు ఏళ్ళ తరబడి ముఖాలు చూసుకోరు. ఇది నవ్వవలసిన కారణం, నవ్వుతాము కూడా. మన ఇళ్ళలో జరిగినవి జ్ఞాపకం వచ్చేసరికి నవ్వు ఆగిపోతుంది. ముసలివాడు బ్రతికి ఉండగా చెప్పుకోలేనిదంతా ఆ కాకి రాకపోవటంలో ఉన్నది. దీనినే మావాళ్ళు ధ్వని అన్నారు.

చివర బుడగజంగాల దంపతులు మొగిలయ్య, కొమురమ్మ పాడిన పాట దగ్గర మాత్రం మొదట నాకు సందేహం కలిగింది. ఇంత బాహాటంగా ఏడిపించటం దోషం కాదా అని. మరల ఆలోచిస్తే, చావు ఇంట పాడి ఏడిపించటం అక్కడి ఆచారం. తెచ్చి అతికించినది కాదు, ఆ ఇంటి ముంగిట పుట్టినదే. తెలంగాణ పల్లెలలో ఆ చిత్రాన్ని ఊరి నడుమ తెర కట్టి జనమంతా కూర్చుని చూశారు. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూశారు.

ఇక అసలు వ్రాయదలచిన దానికి వస్తాను. సంక్రాంతికి వచ్చిన మా అమ్మాయి '35 చిన్న కథ కాదు' అనే చిత్రం పెట్టింది. నందకిశోర్ ఈమాని దర్శకుడు, 2024 సెప్టెంబరులో విడుదలైనది. తిరుపతిలో ఒక పిల్లవాడు. సున్నకు విలువ లేదంటూనే, ఒకటి ప్రక్కన పెడితే పది ఎట్లా అవుతుందని అడుగుతాడు. లెక్కల మాస్టారు వాడికి 'జీరో' అని పేరు పెడతాడు. పదవ తరగతి తప్పిన తల్లి, కొడుకు కోసం తాను లెక్కలు నేర్చుకుంటుంది. ఆ తల్లిగా నివేదా థామస్ ముఖంలో ప్రేమకంటె ముందు సిగ్గు కనబడుతుంది, తనకు రాని చదువును గురించిన సిగ్గు. అది గొప్ప నటన.

"ఆ మాస్టారిని మరీ కరకుగా చూపించారు" అన్నాను.

మా ఇంటావిడ చిక్కుళ్ళు ఒలుస్తూ, "మీరు అంతకంటె మెత్తగా ఉండేవారా?" అన్నది.

తొంభైల మొదట్లో నా ఎనిమిదవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. ఏమడిగినా పలికేవాడు కాడు. ఒకనాడు అర్ధానుస్వారం చెబుతున్నాను. వాఁడు, వీఁడు అని పూర్వం వ్రాసేవారే, ఆ అరసున్న. వ్రాతలో ఉంటుంది, నోట పలకదు. వాణ్ణి నిలబెట్టి, "ఇదుగో, మన తరగతి అరసున్న. ఉన్నాడు గాని వినపడడు" అన్నాను. తరగతి గొల్లుమన్నది. నా చమత్కారానికి నేనూ మురిసిపోయాను. ఆ పేరు ఊళ్ళోకి పోయింది. కాయల కాలంలో వాడు రాత్రుళ్ళు తోట కాపలాకు పోయేవాడనీ, పగలు బడిలో కన్నులు మూతలు పడేవనీ నాకు తెలిసేనాటికి వాడు బడి మానివేసి రెండేళ్ళయింది.

ఇప్పుడతడు మా ప్రాంతంలో తోటలు గుత్తకు తీసుకుంటాడు. పండుగ వెళ్ళిన వారానికి మా తోట చూడటానికి వచ్చాడు. మంచినీళ్ళిచ్చి, నాలుగు రోజులుగా మనసులో కూర్చుకున్న మాటలు చెప్పాను. ఆ పేరు పెట్టినది నేనేననీ, తప్పు చేశాననీ, పశ్చాత్తాపపడుతున్నాననీ. నోట వస్తుండగానే తెలుస్తున్నది, అచ్చమైన స్వశబ్దవాచ్యత!

అతడు తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఇప్పుడు ఆ పేరు చెబితేనే గదండీ మాస్టారూ, కాయల షాపుల వాళ్ళు నన్ను గుర్తుపట్టేది" అన్నాడు. కొంచెంసేపు ఆగి, "అయినా అది ఎట్టా ఉంటుందండీ? ఆవేళ బోర్డు మీద రాశారు గానీ నేను నిద్రలో ఉన్నా" అన్నాడు.

పుల్ల తీసుకుని మట్టిలో గీసి చూపించాను.

"సగమేనా? నేను గుండ్రంగా ఉంటుందనుకున్నానండీ ఇన్నేళ్ళూ" అని, పూత చూడటానికి చెట్ల క్రిందికి నడిచాడు. రసాలకు పూత ఈసారి ఆలస్యమన్నాడు. ధర మాట ఆ రోజు ఇద్దరమూ ఎత్తలేదు.