గోడకీ నేలకీ మధ్య సందు

మొన్న ఆదివారం ఒక స్నేహితుడు కొత్త ఫ్లాట్ చూపిస్తానని తీసుకెళ్ళాడు. వంటిల్లు, బాల్కనీ, దేవుడి గది అన్నీ చూపించి, చివరికి హాల్లో గోడ మొదట్లో గొంతుక్కూర్చుని, "చూశావా, ఎంత సందు వదిలేశాడో! రేపు మేస్త్రీని పిలిచి వైట్ సిమెంట్ కూరిపించాలి" అన్నాడు. నా గుండె ఝల్లుమంది. వాడికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. కాస్త నా పరువు పోయే కథే, అయినా సరే.

2017లో మా ఫ్లాట్‌లో నేలకి రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేయించాం. మేస్త్రీ పెద్దగా మాట్లాడే రకం కాదు. పని చూద్దామని నేను వెళ్ళేసరికి నేల అయిపోయింది, స్కర్టింగ్ ఇంకా పెట్టలేదు. చుట్టూ గోడల వెంబడి పెన్సిలు పట్టేంత సందు.

"ఇదేంటి మేస్త్రీ, కొలత తప్పిందా?"

"లేదు సార్, వదలాలి. నేల సాగుద్ది. గోడకి ఆనించకూడదు."

"నేల సాగడమేంటయ్యా, రబ్బరా?"

పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మేస్త్రీ ఇంకోసారి చెప్పి చూశాడు. నేను వినలేదు. దగ్గరుండి మరీ సందంతా సిమెంటుతో నింపించాను. అక్కడితో ఆగానా? ఫినిషింగ్ బాగోలేదని లెక్కలో 500 రూపాయలు తగ్గించి ఇచ్చాను.

ఐదేళ్ళు ఏమీ కాలేదు. 2022 మే నెలలో ఒక మధ్యాహ్నం, ఇంటి నుంచే పని చేస్తూ మీటింగ్‌లో ఉండగా హాల్లో ఢామ్మని పేలింది. సిలిండరేమో అని పరిగెత్తాను. హాలు మధ్యలో రెండు టైల్స్ అంచులు ఎదురెదురుగా లేచి పూరిపాక కప్పులా నిలబడ్డాయి. ఒకటి మూల దగ్గర పగిలి, ముక్కలు సోఫా దాకా ఎగిరాయి. రోజూ ఆ వేళకి సరిగ్గా అక్కడే చాప వేసుకుని పడుకునే మా అమ్మ, అదృష్టం కొద్దీ పక్క వాళ్ళింట్లో ఉంది. చూడటానికొచ్చిన వాళ్ళలో ఒకాయన వాస్తు దోషమన్నాడు, ఒకాయన భూకంపమన్నాడు.

ఆ రాత్రి కాగితం తీసుకుని లెక్క వేశాను. ఇరవై అడుగుల హాల్లో ఇరవై డిగ్రీల వేడి తేడాకి టైల్స్ పెరిగేది మిల్లీమీటరు కన్నా తక్కువే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కింద ఉన్న కాంక్రీటు స్లాబు తడి ఆరుతూ కొన్నేళ్ళపాటు కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. పైది పెరగాలంటుంది, కిందది తగ్గుతుంది, పక్కకి జరుగుదామంటే గోడ దగ్గర నేను పోయించిన సిమెంటు. ఇక మిగిలిన దారి పైకే. రెండడుగుల టైల్స్ రెండింటికి కలిపి ఒక్క మిల్లీమీటరు చోటు తక్కువైతే, అవి కలిసే చోట సుమారు 24 మిల్లీమీటర్లు పైకి లేవాలి. అంటే దాదాపు అంగుళం! పైథాగరస్ సూత్రమే, మీరూ వేసి చూసుకోవచ్చు.

రైలు పట్టాల మధ్య ఖాళీ ఎందుకు వదులుతారు అని బళ్ళో అడిగేవారు, గుర్తుందా? నేను సమాధానం రాసి రెండు మార్కులూ తెచ్చుకున్నవాణ్ణే. ఆ సమాధానం నా ఇంటి గోడ మొదట్లో కనిపిస్తే మాత్రం గుర్తుపట్టలేదు.

అలాగని సందు బార్లా వదిలేయమని కాదు. చీమలు చేరతాయి, ఇల్లు తుడిచిన నీళ్ళు దిగుతాయి. సందు మూయాలి, కానీ బిగించకూడదు. హాల్లో అయితే నేల టైలుకీ గోడకీ మధ్య సందు ఖాళీగానే ఉంచి, పైన స్కర్టింగ్‌తో కప్పేయాలి. స్కర్టింగ్ అడుగుకీ నేలకీ మధ్య కనిపించే సన్నటి గీతలో సిలికాన్ పట్టించాలి. బాత్రూంలో గోడ టైలు నేల టైలుని కలిసే మూలలోనూ అంతే. అక్కడ గట్టి గ్రౌటు పెడితే ఎప్పటికైనా చీలుతుంది. అయితే సిలికాన్ పెట్టాం కదా అని టైల్స్ కింద చేయాల్సిన వాటర్‌ప్రూఫింగ్ మానేస్తే మాత్రం కింద ఫ్లాట్ వాళ్ళు మీ తలుపు తడతారు.

పని చేసేటప్పుడు ముందు పాత సిమెంటు గీకేసి, దుమ్ము తుడిచి, బాగా ఆరనివ్వాలి. తడి మీద సిలికాన్ అంటుకోదు. రెండు వైపులా మాస్కింగ్ టేపు వేసి, గన్నుతో ఒకే ధారగా పట్టించి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో నునుపు చేసి, పైన పొర కట్టక ముందే టేపు లాగేయాలి. ఒక రోజు నీళ్ళు తగలనివ్వకూడదు. పాలరాయి ఉన్న చోట వెనిగర్ వాసన వేసే రకం వాడకండి, రాయి పాడవుతుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడిగి తెచ్చుకోండి.

ఇంతకీ మా నేల బాగుచేయడానికి మళ్ళీ ఆ మేస్త్రీకే ఫోన్ చేశాను. వచ్చాడు, లేచిన టైల్స్ చూశాడు, గోడ మొదట్లో సిమెంటుని ఉలితో రెండుసార్లు తట్టి చూశాడు. "అప్పుడే చెప్పాను కదా" అంటాడని ఎదురుచూశాను. అనలేదు. నేనే ఉండబట్టలేక పాత 500 తీసి ఇవ్వబోయాను.

"అవి ఉంచండి సార్. ఈసారి గోడ దగ్గర నన్ను నా పని చేసుకోనివ్వండి, చాలు" అన్నాడు.

ఆఫీసులో నా కోడ్ గురించి తెలియనివాడెవడైనా సలహా ఇస్తే నాకెంత మండుతుందో నాకు తెలుసు. ఆయన ఐదేళ్ళ క్రితం ఎంత దిగమింగుకుని ఆ సిమెంటు కలిపాడో ఆ రోజు తెలిసింది. అన్నట్టు, మా స్నేహితుడు ఇంకా మేస్త్రీని పిలవలేదట. ఈ టపా చదివాకైనా పిలిచి, ముందు ఆయన చెప్పేది వింటాడని ఆశ.