భద్రాద్రి త్రోవలో చలి సోకిన బండి

ముక్కోటి ఏకాదశినాడు భద్రాచలమున ఉత్తరద్వార దర్శనము చేయవలెనని మా అత్తగారికి ఎంతోకాలముగా కోరిక. ముందునాటి సాయంకాలము గోదావరిలో జరుగు తెప్పోత్సవమునుగూడ చూపింతుమని మేము మాట యిచ్చియుంటిమి. ఆమె మోకాళ్లు బస్సు మెట్ల నెక్కనియ్యవు. కావున దశమినాటి తెల్లవారుజామున మా పాత పెట్రోలు కారులోనే బయలుదేఱితిమి.

ఖమ్మమునుండి వైరా, తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెము, పాల్వంచలమీదుగా భద్రాచలము సుమారు 120 కిలోమీటర్లు. ధనుర్మాసపు చలిలో తాళము త్రిప్పగనే బండి వడకసాగెను. నెలదినములనుండి ఇదే వరుస. చలివేళ నిలుచున్నచోట దడదడ కొట్టుకొనును. పదినిమిషములు నడచి వేడెక్కిన పిమ్మట ఏమియు నెఱుగని దానివలె నుండును. "చలికి మనము వడకమా?" అని మావారు నవ్వి యూరకుండిరి. ఆయన ఉన్నతపాఠశాలలో భౌతికశాస్త్రము చెప్పుదురు.

ఊరు దాటకమున్నే ఆ నవ్వు నిలిచినది. స్పీడు బ్రేకరు వద్ద నెమ్మది చేయగానే ఇంజను ఆగిపోయెను. వెనుక నల్లరాతి దిమ్మెల లారీ వచ్చుచుండెను. దాని దీపపు వెలుగు మా బండినంతయు నింపినది. డ్రైవరు చక్రము త్రిప్పి వెండ్రుకవాసిలో ప్రక్కగా పోయెను. మా అత్తగారు వైరా దాటువఱకు రామనామము మానలేదు.

ఆపైన బండి చక్కగనే నడచినది. జూలూరుపాడు దాటి, బొగ్గుగనుల కొత్తగూడెము మీదుగా పాల్వంచ చేరితిమి. కంచెర్ల గోపన్న, అనగా మన రామదాసు, తహశీలుదారుగా నుండినది ఈ పాల్వంచ పరగణాకే. ఇచట మా పినతండ్రిగారి యింట దిగి, బండిని వీధిచివరి మేస్త్రీకి చూపితిమి.

అతడు వయసు మీఱినవాడు, మాట తక్కువ. ప్లగ్గులు విప్పి చూచెను. పొడిగా, లేత గోధుమవన్నెతో నుండినవి. గాలి చొచ్చు ద్వారమున పట్టిన మసిని గుడ్డతో తుడిచెను. చిన్న యంత్రమొకటి తగిలించి, ఇంజను నీటివేడిని చూపు సెన్సారు సరిగనే చెప్పుచున్నదనెను. వేడెక్కిన బండి నిమ్మళముగా తిరుగుచునేయుండెను.

"అమ్మా, బండి వేడిమీదుంది. రోగం ఇప్పుడు కనపడదు. రాత్రి చలి తగలాలె. అందాక ముట్టుకోవద్దు."

ఇదియే మాకు వచ్చిన చిక్కు. సాయంకాలము బండి కదల్చితిమా, తెప్పోత్సవము దక్కును, పరీక్ష తప్పును. మఱునాడు మూడు గంటలవేళ ఆ జబ్బుతోనే అడవిదారి పట్టవలెను. అద్దెకార్లన్నియు ఆనాడు ముందే కుదిరిపోయినవి. మావారు నా మొగము, నేను ఆయన మొగము చూచుచుండగా అత్తగారే తేల్చివైచిరి. "తెప్ప ఈ యేడు కాకపోతే వచ్చే యేడు చూస్తాను. ఆ లారీని మాత్రం మళ్లీ చూడలేను."

ఆమె ఆ సాయంకాలము వాకిట కూర్చుండి ఎవరితోను మాటాడలేదు. మాకు అన్నము సహింపలేదు.

రాత్రి పదిగంటలకు ఇనుము మంచువలె చల్లబడినది. మేస్త్రీ ఇంజను నడిపింపగా వణకు తిరిగి వచ్చెను. అతడు చెవి యొగ్గి వినెను, సన్నని బుస. సబ్బునీటి నొక్కొక్క గొట్టపు కీలుపై చల్లుచు పోగా, ఒకచోట నీరు లోనికి పీల్చుకొనబడి ఇంజను స్వరము మాఱినది. అచటి వంకర రబ్బరు గొట్టమును పట్టకారుతో నొక్కెను. వడకు తగ్గెను. వదలెను. మరల వడకెను. నలుడు అశ్వహృదయ మెఱిగినవాడని భారతమున చదివితిమి. ఇతడు ఇంజను హృదయ మెఱిగినవాడు.

కారణ మతడు చెప్పినంతలో ఇది. పెట్రోలు ఆవిరియైననే చక్కగా మండును. చలిలో కొంత ఆవిరి గాక గొట్టపు గోడల నంటుకొనును. కావుననే చల్లని ఇంజనుకు పెట్రోలు పాలు హెచ్చుగా కావలెను. పూర్వపు బండ్లలో చోకు లాగుట ఇందులకే. ఇప్పటివాటిలో సెన్సారు మాట విని కంప్యూటరే హెచ్చించును. ముషలకము దిగునపుడు లోన గాలిపీడనము తగ్గును గదా. గొట్టమున బీటయున్నచో లెక్కకు రాని గాలి చొరబడి మిశ్రమము పలుచనగును. అసలే చాలని సమయమున ఇంకను పలుచనైన ఇంజను తడబడక యేమిచేయును?

"మఱి వేడెక్కిన బాగగుటయేల?" అని మావారడిగిరి. ఈ ప్రశ్నకు బదులు మాకే తోచినది. పాతబడి గట్టిపడిన కుక్కరు రబ్బరు తొలుత బుసబుసలాడి, వేడి తగిలి మెత్తబడగానే సందు మూసికొనదా? మేస్త్రీ తల యెత్తి, "అంతే తల్లీ" అనెను. సోదరీమణులారా, ఆ రెండు మాటలకు మేము పొంగితిమని ఒప్పుకొనుచున్నాము.

బిగింపు క్రింద బీటలువాఱిన అంగుళమును కత్తితో కోసివైచి, మిగిలిన గొట్టమును మరల బిగించెను. ఊరు చేరగానే క్రొత్తది వేయించుకొనుడని హెచ్చరించెను.

మూడు గంటలకు తాళము త్రిప్పితిమి. వణకు లేదు. అత్తగారు మాత్రము బూర్గంపహాడు వఱకు వెనుకకే చూచుచుండిరి. దీపముల వెలుగున టేకుమ్రాకులు రెండువైపుల బారులు తీరియుండెను. కిన్నెరసాని దెసనుండి మంచు. సారపాక కాగితపు మిల్లు దాటి, 1965లో ప్రారంభమైన గోదావరి వంతెన చేరునప్పటికి ముందు బండ్లు ఆగియుండెను. గంటకు పైగా అడుగడుగున ఆగి కదలితిమి. ఇంజను ఒక్కమాఱైన ఆగలేదు. సాంబ్రాణి పొగనడుమ ద్వారము తెఱచుకొనగా అత్తగారు మా భుజమానుకొని చూచిరి. తెప్ప సంగతి ఆమె మరల ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

ఖమ్మమున క్రొత్త గొట్టము వేయించితిమి. కోసిన ముక్క మావారి బల్లసొరుగున నున్నది. గాలిపీడనపు పాఠము వచ్చినపుడు పిల్లలకు చూపింతురట.