ఓడిన మర్నాడు గ్రౌండ్‌లో...

ఓడిపోయి ఇంటికొస్తున్న కాలేజీ జట్టును గుర్తుపట్టడం చాలా తేలిక. కడపలో మ్యాచ్ ముగించుకుని ప్రొద్దుటూరు బస్సెక్కిన కుర్రాళ్లు ఎర్రగుంట్ల దాటేదాకా నోరు విప్పరు. ఆ తర్వాత వెనక సీట్లోంచి ఒక గొంతు లేస్తుంది. 'బాల్ ఇచ్చింటే నేను కొట్టేవాన్ని గదా!' అంటాడు ఫార్వర్డ్. 'నువ్వు యాడుండావని ఇయ్యాల?' అంటాడు ఇంకొకడు. అంతే, బస్సు ఊళ్లోకి వచ్చేసరికి పదకొండు మందీ పదకొండు జట్లయిపోతారు. ముందు సీట్లో కూచున్న పీడీ సార్ మాత్రం కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాడు. మూడు–సున్నా. ఆ సున్నా గురించే ఆయన దిగులంతా.

మూడు గోల్స్ ఇచ్చిన సంగతి అందరికీ గుర్తుంటుంది. ఇంట్లో నాన్న అడిగేదీ అదే, క్యాంటీన్‌లో నవ్వేదీ దానికే. దాంతో నింద మొత్తం గోల్‌కీపర్ నెత్తిన పడుతుంది, పాపం! ఒక్క గోలూ కొట్టలేదన్న ముక్క మాత్రం ఎవరూ ఎత్తరు. నిజానికి జట్టు బలహీనత చాలాసార్లు అక్కడే ఉంటుంది. ముందుకు వెళ్లిన బంతి నాలుగు క్షణాల్లో తిరిగొచ్చేస్తుంటే వెనక నలుగురు డిఫెండర్లు ఎంతసేపని ఆపగలరు? ఇంటర్వెల్ దాకా కాపు కాస్తారు. ఆ తర్వాత కాళ్లు లాగేస్తాయి. ముందువాళ్లు బంతిని కాసేపు తమ దగ్గర ఉంచుకోగలిగితే వెనకవాళ్లకు ఊపిరాడుతుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఈ మూడు ఊళ్లలో ఏ కాలేజీకి వెళ్లినా ఫుట్‌బాల్‌ది నాలుగో స్థానమే. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ అయ్యాక మిగిలితేనే దాని వంతు. 'నువ్వు బాగా పరిగెత్తుతావ్, రారా' అని పీడీ సార్ పిలిస్తే వచ్చినవాడొకడు, కబడ్డీ జట్టులో చోటు దొరక్క వచ్చినవాడొకడు. ఇలా కూడిన జట్టుకు ఒక్క ఓటమి చాలు. మర్నాడు ప్రాక్టీసుకు తొమ్మిది మంది, ఆ మర్నాడు ఆరుగురు. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం ఏ జట్టులోనైనా ఏడుగురి కన్నా తక్కువ ఉంటే మ్యాచే మొదలుపెట్టకూడదు. ఓడిన వారంలో ఆ 'ఏడుగురు' అనే అంకె చాలా దగ్గరగా కనిపిస్తుంది. ఇంట్లో అమ్మ 'ఇంగ చాల్లే నాయనా, పరీచ్చలకు చదువుకోపో' అంటుంది. ఆమె తప్పేం లేదు. కొడుకు మోకాళ్లు చూసిన ఏ తల్లయినా అదే అంటుంది.

ఓడిన జట్టును చూసి జాలిపడేవాళ్లే తప్ప, దాని దాడిని ఎలా చక్కదిద్దాలో చెప్పేవాళ్లు తక్కువ. తెలుగునేల మీద ఆ పని చేసి చూపించిన మనిషి ఒకరున్నారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్.

పది–ఒకటి తర్వాత...

రహీమ్ 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు 1950 నుంచి శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అంతటి మాస్టారు చేతిలో ఉన్న భారత జట్టే 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లి, యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయింది. అప్పటికి మనవాళ్లలో చాలామంది ఉత్తి కాళ్లతోనే ఆడేవారు. ఆ చలిలో, ఆ తడి గడ్డి మీద అది కుదరలేదు. మూడు గోల్స్‌తో ఓడి దిగులుపడే కుర్రాళ్లు ఆ స్కోరును ఒకసారి తలుచుకోవాలి.

ఆ ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరయ్యాయి. రహీమ్ అక్కడితో ఆగలేదు. దాడి నడిచే తీరునే మార్చారు. అప్పటిదాకా గోల్ ముందు నిలబడి బంతి కోసం ఎదురుచూసే సెంటర్ ఫార్వర్డ్‌ను కొంత వెనక్కి రప్పించారు. వెనకవాళ్ల నుంచి బంతి అందుకుని, పక్కలకు పంచే పని అతనిది. అతణ్ని వెంటాడుతూ ఎదుటి డిఫెండర్ ముందుకొచ్చాడంటే, వెనక ఖాళీ ఏర్పడినట్టే. అందులోకి మరొకరు దూసుకెళ్తారు. ఇదే పద్ధతితో హంగరీ జట్టు 1953లో లండన్ వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6–3తో చిత్తుచేసి ప్రపంచాన్ని నివ్వెరపరిచింది. మన బడిపంతులు కూడా ఆ రోజుల్లోనే ఆ దారి పట్టారంటే ముచ్చటేస్తుంది.

ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. ఆతిథ్య ఆస్ట్రేలియా మీద భారత్ 4–2తో గెలిచింది. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా దేశం సెమీస్‌ చేరడం అదే తొలిసారి. చివరికి నాలుగో స్థానం దక్కింది. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ ఆ జట్టులో ఉన్నాడు.

అసలు కథ 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఉంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. అంటే మళ్లీ అదే సున్నా! తర్వాత థాయ్‌లాండ్ మీద 4–1, జపాన్ మీద 2–0తో జట్టు కోలుకుంది గానీ, డిఫెన్స్‌కు ప్రాణంలాంటి జర్నయిల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కట్టు కట్టిన తలతో వెనక నిలబడి హెడర్లు కొట్టలేడు. అలాగని బయట కూచోబెట్టలేరు. రహీమ్ ఏంచేశారో తెలుసా? అతణ్ని తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్, ఫైనల్లో మొదట తమను ఓడించిన అదే దక్షిణ కొరియా మీద మరో గోల్ కొట్టాడు జర్నయిల్. సెప్టెంబరు 4న 2–1తో స్వర్ణం. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీమ్ మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. అజయ్ దేవగణ్ నటించిన హిందీ చిత్రం 'మైదాన్' 2024లో వచ్చేదాకా ఆయన పేరు తెలుగు ఇళ్లలో ఎందరికి తెలుసు?

జర్నయిల్ ముచ్చట కాలేజీ జట్లకు బాగా పనికొస్తుంది. 'వాడు డిఫెండరు, వీడు ఫార్వర్డు' అని జూలైలో రాసుకున్న కాగితం డిసెంబరు దాకా మారదు. గోల్ ముందు బంతి దొరికితే కంగారుపడని కుర్రాడు ఎక్కడో వెనక లైన్లో ఉండొచ్చు. వారం రోజుల ప్రాక్టీసులో తలా ఒకరోజు ముందుకు పంపి చూస్తే పోయేదేముంది?

కూతకు వెళ్లినట్టు వెళ్తే...

మన కుర్రాళ్లకు కబడ్డీ తెలుసు. చిక్కు కూడా అక్కడే! బంతి దొరకగానే ఫార్వర్డ్ తలవంచుకుని, కూతకు వెళ్లినట్టు ఒక్కడే వెళ్తాడు. ఎదురుగా నలుగురు గొలుసు కట్టి పట్టేస్తారు. కబడ్డీలో కూతకు ఒక్కడే వెళ్లాలి, అది రూలు. ఫుట్‌బాల్లో అలాంటి రూలేదీ లేదు. ఇద్దరు వెళ్లొచ్చు, ముగ్గురు వెళ్లొచ్చు. బంతి ఉన్నవాడికి ఎప్పుడూ రెండు దారులు కనిపించాలి, పక్కన ఒకడు, కాస్త వెనకగా ఒకడు. ముగ్గురూ కలిస్తే త్రికోణం. ఆ త్రికోణం కదులుతూ పోవడమే దాడి అంటే.

రహీమ్ హైదరాబాద్ కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టేవారట. బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. ఎడమ కాలితోనే కొట్టాలన్న పోటీలూ పెట్టేవారు. దీనికి పైసా ఖర్చు లేదు. ఇరవై అడుగుల వలయంలో అయిదుగురు నిలబడి, మధ్యలో ఇద్దరు దొంగల్ని పెట్టి, ఒక్కో టచ్‌తో బంతిని తిప్పడం రోజూ ఇరవై నిమిషాలు చేస్తే, పది రోజుల్లో తేడా కనిపిస్తుంది. మొదటి రెండు రోజులు మాత్రం నవ్వులాటే.

'గ్రౌండ్ అట్లుంది సార్, కింద బాల్ పోదు' అనే మాట వస్తుంది. నిజమే. నల్లరేగడి నేల ఎండితే బీటలిస్తుంది, తడిస్తే బూటుకు కిలో మట్టి అంటుకుంటుంది. అందుకే అందరూ బంతిని ఆకాశంలోకి లేపుతారు. ఎదుటి జట్టులో ఆరడుగుల వాడొకడుంటే ఆ బంతులన్నీ వాడి తలకే. మైదానమంతా బాగుచేయడం కాలేజీ వల్ల కాకపోవచ్చు. ఒక మూల ఇరవై మీటర్ల చదరంలో రాళ్లేరి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పుకోవడం మాత్రం ఒక ఆదివారం పని. పని అయ్యాక అందరూ కలిసి కారం దోసెలు తింటే జట్టు సగం అతుక్కుంటుంది కూడా.

ఇంకో పొరపాటు దూరం నుంచి కొట్టడం. ముప్పయి గజాల నుంచి బలంగా తన్నితే గ్యాలరీలో ఈలలు పడతాయి గానీ గోల్ పడదు. పెద్ద పెద్ద లీగుల్లోనే పెనాల్టీ ఏరియా బయటి నుంచి కొట్టిన షాట్లలో పాతిక ముప్పయికి ఒకటి లోపలికి వెళ్తుంది. కాలేజీ మ్యాచ్‌లో చెప్పేదేముంది! ఆ షాటు కొట్టేచోట ఇంకొక్క పాస్ ఇవ్వగలిగితే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

నైపుణ్యం తక్కువున్న జట్టుకు దేవుడిచ్చిన వరం ఆగిన బంతి. కార్నర్, ఫ్రీకిక్, త్రో. 2018 రష్యా ప్రపంచకప్‌లో 169 గోల్స్ పడితే, పెనాల్టీలతో కలిపి వాటిలో 40 శాతానికి పైగా ఇలా వచ్చినవే. అక్కడ అంతటి జట్లే వాటిని నమ్ముకుంటే, మన కాలేజీల్లో కార్నర్ ఎవరు కొట్టాలో ఆ క్షణానికి గొడవపడి తేల్చుకుంటారు! ఒకడే కొట్టాలి. ఎవరెక్కడికి పరిగెత్తాలో ముందే తెలియాలి. ఒకడు దగ్గరి స్తంభానికి, ఒకడు దూరపు స్తంభానికి, ఒకడు గోల్‌కీపర్ చేజార్చే బంతి కోసం. మరో సంగతి చాలామంది కుర్రాళ్లకు తెలీదు. త్రో నుంచి నేరుగా బంతి అందుకుంటే ఆఫ్‌సైడ్ వర్తించదు. పొలంలో మూటలెత్తిన చేతులున్న కుర్రాడొకడు జట్టులో ఉంటే, వాడి త్రో కార్నర్‌తో సమానం.

ఇవన్నీ నేర్పడానికి స్పెయిన్ కోచ్ రావాలా? పక్క జిల్లా అనంతపురంలో ఆర్డీటీ సంస్థ స్పెయిన్ లా లిగా తోడ్పాటుతో పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది నిజమే. అలాంటి చోట జట్లతో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడి ఓడినా నష్టం లేదు. అంతకన్నా ముందు మూడు ఊళ్ల కాలేజీలూ తమలో తాము ఆడుకోవచ్చు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు ఎంత దూరం? బస్సెక్కితే గంటలోపే. ముద్దనూరు మీదుగా పులివెందుల ఇంకొంచెం. ఏడాదికోసారి ఇంటర్ కాలేజియేట్‌లో తప్ప ఎదురుపడని జట్లకు గోల్ ముందు కాళ్లు వణక్క ఏమవుతాయి?

అయితే పాస్ ఇవ్వకపోవడానికి ఒక అసలు కారణం ఉంది. దాన్ని ఎవరూ పైకి చెప్పరు. ఇంటర్ కాలేజియేట్ పోటీలు చూసే విశ్వవిద్యాలయ జట్టును ఎంపిక చేస్తారు. డిగ్రీ కాలేజీలకు యోగి వేమన, పులివెందుల ఇంజినీరింగ్ కాలేజీకి అనంతపురం జేఎన్టీయూ. ఎంపికైతే సౌత్ జోన్‌కు వెళ్లొచ్చు. చేతికి ఒక సర్టిఫికెట్ వస్తుంది. స్పోర్ట్స్ కోటాలో పీజీ సీటుకో, ఉద్యోగానికో అది అక్కరకొస్తుందని ఇంటిల్లిపాదికీ ఆశ. చివరి ఏడాది చదువుతున్న కుర్రాడికి షామియానా కింద కూచున్న సెలెక్టర్ల కళ్లలో పడాలని ఉండదా? ముగ్గుర్ని దాటించి చూపిస్తే పేరు రాసుకుంటారు. పక్కవాడికి బంతి ఇస్తే ఎవరు రాసుకుంటారు? వాడిది స్వార్థమని తిట్టడం తేలికే. నాన్న అప్పుచేసి కొనిచ్చిన బూట్లు వాడి కాళ్లకున్నాయన్న సంగతి కూడా చూడాలి.

దీనికి పీడీ సార్ల చేతిలోనే ఒక మార్గం ఉంది. స్కోరు పుస్తకం. గోల్ కొట్టినవాడి పేరు పక్కనే పాస్ ఇచ్చినవాడి పేరు, దానికి ముందు పాస్ ఇచ్చినవాడి పేరు కూడా రాయాలి. ప్రాక్టీసు మ్యాచ్‌ల నుంచే మొదలుపెట్టి, శనివారం శనివారం ఆ పేజీని నోటీసు బోర్డుకు అంటించాలి. విశ్వవిద్యాలయం ఎంపికలకు కుర్రాళ్ల జాబితా పంపేటప్పుడు ఆ పేజీల నకలును కూడా దానికి గుచ్చి పంపాలి.