కాగితపు చదువు – కొల్లేటి నీరు

ఏలూరు నుండి కైకలూరు వెళ్లే దారిలో కొల్లేరు కనబడుతుంది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు ఇందులో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 2002లో దీనికి రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అయినా పై ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల మలిన జలం కూడా ఇక్కడికే చేరుతున్నాయి. ఎగువవారు వదిలినది దిగువవారు అనుభవించాలి.

ఈ లంక గ్రామాలలోని ఒక విశ్వాసి కుమారుడు ఇంటర్ ముగించి, పేపరు ఇంజనీరింగు చదువుతానన్నాడు. “అయ్యగారూ, ఆ చదువు అన్నం పెడుతుందా? ఉన్న అర ఎకరం తాకట్టు పెట్టమంటారా?” అని తండ్రి అడిగాడు. ముగ్గురం ఏలూరులో రైలెక్కి, దెందులూరు, భీమడోలు దాటి, వరిచేల మధ్యగా తాడేపల్లిగూడెం చేరాము.

అక్కడ 2015లో ఆరంభమైన ఎన్.ఐ.టి. ఉన్నది. సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. అందులో పేపరు శాఖ లేదు గాని, కెమికల్ ఇంజనీరింగు ఉన్నది. కాగితం పనిలో అధిక భాగం ఆ విద్యయే. కర్రముక్కలను కాస్టిక్ సోడా వంటి రసాయనాలతో ఉడికించి, గుజ్జు తీసి, కడిగి, తెల్లబరచి, పలుచని పొరగా పరచి ఆరబెడతారు. ఉడికించగా మిగిలిన నల్లని ద్రవాన్ని చిక్కబరచి బాయిలరులో మండిస్తే రసాయనాలు తిరిగి దొరుకుతాయి. వరిగడ్డితో చేస్తే అందులోని సిలికా ఈ పనికి అడ్డు వస్తుంది. ఆ ద్రవాన్ని శుద్ధి చేయక కాలువలో వదిలితే చేపలు బ్రదకవు.

ప్రత్యేకంగా కాగితపు విద్యకు పేరుపొందిన చోటు ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్. 1964లో స్వీడన్ సహాయంతో ఆరంభమైన ఆ సంస్థ ఇప్పుడు రూర్కీ ఐ.ఐ.టి.లో భాగం. మనకు దగ్గరలో రాజమండ్రిలో పేపరు మిల్లున్నది. మన రైతుల సరుగుడు, సుబాబుల్ కర్ర అక్కడికి పోతుంది.

కళాశాలను ఎన్నుకొనే తల్లిదండ్రులు కొన్ని సంగతులు విచారించాలి. ఆ ఏటి ప్రవేశ ప్రకటనలో ఏ డిగ్రీ ఉన్నది? మిల్లులో శిక్షణ ఇస్తారా? ప్రయోగశాలలు నడుస్తున్నాయా? ఫీజు, హాస్టలు కలిపి నాలుగేండ్లకు ఎంత? స్కాలర్‌షిప్ దొరుకునా? ఆ పరిశ్రమలో పని దొరకకపోతే వేరొక పనికి ఆ డిగ్రీ చెల్లునా? గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని ప్రభువు లూకా 14లో బోధించెను గదా!

పదునెనిమిదేండ్ల వయస్సులో ఇరుకైన దారి పట్టడం కంటె, ర్యాంకును బట్టి దగ్గరలో కెమికల్ చదివి, తరువాత కాగితంలో పై చదువుకు వెళ్లడం మేలని నాకు తోచింది. తండ్రి మనస్సు కుదుటపడింది. కుమారుడు మాత్రం, “ఆ నల్లనీరు బయటికి పోకుండా ఆపడమే నేర్చుకుంటానండి” అన్నాడు.

జీతము గూర్చి అడిగే తల్లిదండ్రులారా, మీ బిడ్డ చదువు దిగువనున్న పొరుగువానికి ఏమి పంపునో అదియు అడుగుడి. మన యౌవనస్థులను ప్రభువు ఆ జ్ఞానముతో నడిపించును గాక. ఆమేన్.